ముసురు తెరిపిచ్చిన పూట ముగ్గు: నెల్లూరు ధనుర్మాసం

సంక్రాంతి నాటికి గోదావరి జిల్లాల్లో కొత్త ధాన్యం ఇళ్ళకి చేరి ఉంటుంది. నెల్లూరులో అప్పటికి పైరు ఇంకా పొలంలోనే, అదీ పచ్చగానే ఉంటుంది. ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు మధ్యలో మొదలై డిసెంబరు దాకా ఉంటాయి. పెన్నా కింది మాగాణికి నాట్లు ఆ రోజుల్లోనే పడతాయి, కోతలు మార్చి ప్రాంతానికి. ఆ తర్వాత కాలవలో నీళ్ళుంటే ఎడగారు, అంటే రెండో పంట. వానలు డిసెంబరు దాకా ఉంటాయి కాబట్టి 16వ తేదీ ప్రాంతంలో ధనుర్మాసం పెట్టేసరికి బంగాళాఖాతంలో ఇంకో వాయుగుండం మిగిలే ఉంటుంది. ముసురు పట్టిందంటే రెండు మూడు రోజులు ఎండ మొహం కనపడదు. పేడ ఎండదు, పిండి ఆరదు, రంగు నిలవదు. మూలపేట, రంగనాయకులపేట, సంతపేట, స్టోన్‌హౌస్‌పేట వీధుల్లో ఆడవాళ్ళకి పండగ పనంటే సగం తడితో పేచీయే. ఆ పేచీలోంచి వచ్చిన ఒడుపులు పుస్తకాల్లో దొరికేవి కావు. ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో ఉన్నాయి, చాలా ఇళ్ళల్లో వాకిలితో పాటే పోయాయి.

తెల్లారుజామున నాలుగున్నరకి రంగనాయకుల గుడి వైపు నుంచి మైకులో తిరుప్పావై వినపడేది. పాశురాలు 30, రోజుకొకటి. ఏ పాశురం నడుస్తోందో విని పండగ ఇంకెన్నాళ్ళుందో చెప్పేవాళ్ళు ముసలాళ్ళు. ఆ పాటికి వీధిలో చీపుళ్ళ చప్పుడు మొదలయ్యేది. వాకిలి ఊడవడానికి కొబ్బరి ఈనెల చీపురే కావాలి. మెత్తటి చీపురు తడిమట్టిని ముద్దచేసి అంటుకుంటుంది, ఈనెలైతే ఆకూ అలమూ లాగేసి నేలని వదిలేస్తాయి. వాన వెలిసిన పొద్దున ఊడ్చేటప్పుడు వంగి గట్టిగా గీకకూడదు. గీకితే గీతల్లో నీళ్ళు నిలిచి అక్కడ ముగ్గు కరిగిపోతుంది.

తర్వాత కళ్ళాపి. పది లీటర్ల బక్కెట్టు నీళ్ళకి రెండు గుప్పిళ్ళ పచ్చి ఆవుపేడ చాలు. చేత్తో పిసికి కలిపి, తేలిన గడ్డిపీచు తీసి పారేయాలి. పీచు మిగిలితే ముగ్గు గీత దాని మీద ఎక్కి తెగుతుంది. పేడ ఎక్కువైతే ఆరాక నేల మీద పొరలా లేస్తుంది, ముగ్గునీ తనతోపాటే లేపుతుంది. తక్కువైతే దుమ్ము పైకి తేలుతుంది. ముసురు రోజుల్లో పచ్చగడ్డి మేసిన ఆవుల పేడ పలచగా ఉంటుంది కాబట్టి ఇంకో గుప్పెడు వెయ్యాలి, నీళ్ళు మూడొంతులకి తగ్గించాలి. చల్లడం మోచేతి నుంచి కాదు, మణికట్టు నుంచి: వేళ్ళు దగ్గరగా పెట్టి దోసిట్లో తీసుకుని, పక్కకి విసిరితే విసనకర్ర ఆకారంలో పడుతుంది. గడప వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ చల్లేవాళ్ళు, లేకపోతే తమ అడుగులే తొక్కుకోవాలి.

అసలు మెళకువ ఎప్పుడు ముగ్గు మొదలుపెట్టాలన్నదాంట్లో ఉంది. నేల మీద నీళ్ళు మెరుస్తుంటే పిండి వాటిని పీల్చుకుని గీత రెండింతలు లావవుతుంది. పూర్తిగా ఆరిపోతే గాలి పట్టుకుపోతుంది. అరచేయి నేలకి ఆనిస్తే చల్లగా తగలాలి, కానీ చేతికి తడి అంటకూడదు. మామూలు రోజుల్లో ఈ స్థితికి పదిహేను నిమిషాలు పడుతుంది, ముసురులో నలభై నిమిషాలు కూడా పట్టొచ్చు. ఆ ఖాళీలోనే పాలు పిండడం, పొయ్యి రాజెయ్యడం, పక్కింటామెతో మాటలు.

పిండిలో రకాలున్నాయి. శుద్ధమైన వరిపిండి గడప మీదికి, దేవుడి దగ్గరికి. వీధి ముగ్గుకి ముగ్గురాయి పొడి. తోపుడుబండి మీద గోతాం పెట్టుకుని, డబ్బాతో కొలిచి అమ్మేవాళ్ళు. ఇంకొకటి గుల్లసున్నం పిండి. పులికాట్ ఒడ్డున గుల్ల తవ్వి కాల్చిన సున్నం ఈ జిల్లాకి కొత్త కాదు. తెలుపులో దాన్ని మించింది లేదు, కానీ నెల రోజులు పట్టుకుంటే వేళ్ళ సందులు పగులుతాయి. అది వాడే ఇంట్లో ముగ్గయ్యాక కొబ్బరినూనె గిన్నె సిద్ధంగా ఉండేది. బండి దగ్గర బేరం ఇలా సాగేది:

"ఏం అబ్బయా, పిండి తడిసినట్టుండాదే?"

"తడవలేదక్కా, పట్టి చూడు, పొడిగానే ఉండాది."

పట్టి చూడడమంటే గుప్పెట్లో బిగించి విప్పడమే. ముద్ద విడిపోతే పొడి, నిలబడితే తడి. తడిసిన పిండి బరువు తూగుతుంది కూడా, అందుకే తూకం కన్నా కొలతకే మొగ్గేవాళ్ళు. ఇంటికి తెచ్చాక పాత నూలుచీర ముక్కలో జల్లించి, మూడు పాళ్ళ రాతిపొడికి ఒక పాలు వరిపిండి కలిపితే గీత జారుడుగా వస్తుంది, చీమలకీ ఉడతలకీ ఇంత దొరుకుతుంది. మరీ మెత్తగా జల్లించినా చిక్కే, ముసురు గాలికి వేళ్ళకి అంటుకుని ఉండలు కట్టి పడుతుంది. మరీ గరుకైతే గీత చుక్కలు చుక్కలుగా తెగుతుంది. డబ్బాని రాత్రిపూట పొయ్యి గట్టు మీద పెట్టుకున్న ఇంట్లో తెల్లారి ముగ్గు చక్కగా వచ్చేది. ఆ ఇంటి వాకిలి చూసి, వెనకున్న వంటిల్లు ఎంత పొడిగా ఉందో చెప్పొచ్చు.

చుక్కల ముగ్గుకి పై వరుస నుంచి చుక్కలు పెట్టడం మొదలుపెట్టేది కొత్తవాళ్ళు. చెయ్యి తిరిగినవాళ్ళు మధ్య వరుసతో మొదలుపెడతారు. ‘15 చుక్క, సందు చుక్క, 8 వచ్చేదాకా’ అంటే ముందు నడుమ 15, దాని మీదా కిందా చుక్కల సందుల్లో 14, అట్లా ఒక్కోటి తగ్గించుకుంటూ 8 దాకా. మొత్తం 169 చుక్కలు. నడిమి వరుస తిన్నగా ఉంటే మిగతావి దాన్ని చూసి సర్దుకుంటాయి. అంచు నుంచి మొదలుపెడితే రెండో వరుసలో అర అంగుళం తేడా ఎనిమిదో వరుసకి బెత్తెడవుతుంది. మెలికల ముగ్గులో గీత ఎక్కడ మొదలయిందో అక్కడికే వచ్చి కలవాలి. కలవకుండా లోపల ఇంకో చుట్టు మిగిలిపోతే తప్పు దాదాపు ఎప్పుడూ మూల మలుపులోనే ఉంటుంది, నడుమ వెతకడం దండగ. పిండి చూపుడువేలికీ బొటనవేలికీ నడుమ, మిగతా మూడు వేళ్ళు మిగిలిన పిండిని గుప్పెట్లో పట్టుకుని. చెయ్యి నేలకి రెండు అంగుళాల ఎత్తున. ఎత్తు పెరిగితే గీత మసకబారుతుంది. జంట గీత ఒకే ఊపులో వేసేవాళ్ళు వీధికి ఇద్దరు ముగ్గురే ఉండేవాళ్ళు, భోగి ముందు రోజు వాళ్ళకి ఎక్కడలేని గిరాకీ.

రంగుల సంగతి తర్వాత వచ్చింది. రంగుపొడిని ఉప్పులో కలిపితే ఎక్కువ వస్తుందని చాలామంది కలుపుతారు. ఈ ఊళ్ళో అది పనికిరాదు. ఉప్పు గాల్లో తడి లాక్కుని పొద్దెక్కేసరికి ఎరుపు ఆకుపచ్చలోకి పాకుతుంది. పెన్నా ఇసుకని జల్లించి, బాణలిలో వేడిచేసి చల్లార్చి దాంట్లో కలిపితే సాయంత్రం దాకా కదలదు. కట్టెల అడితి నుంచి తెచ్చిన రంపపు పొట్టు కూడా మంచిదే, కాకపోతే గాలి లేస్తే వీధంతా తిరుగుతుంది.

ఎడతెరిపి లేని వాన పడుతుంటే? ముగ్గు మానరు. బియ్యం రెండు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, అట్ల పిండి కన్నా కొంచెం పలచగా కలుపుకుని, గుడ్డముక్క ముంచి వేలి వెంబడి పిండుకుంటూ అరుగు మీద వేస్తారు. వేసేటప్పుడు కనపడదు, ఆరాక తెల్లగా బయటపడుతుంది. సిమెంటు రోడ్లు వచ్చాక కళ్ళాపి పోయింది, పిండి జారుతోంది. సుద్దముక్కతో గీసి పైన పిండి వేసే పద్ధతి అప్పుడు పుట్టింది. గడప ముందు అంటించే స్టిక్కరు ముగ్గుల గురించి చెప్పడానికేమీ లేదు.

గొబ్బెమ్మలకి ఆవుపేడే. ఎనుము పేడ నల్లగా, నీళ్ళగా ఉండి కూర్చోదు. చేతికి కాస్త నీళ్ళు రాసుకుని, నిమ్మకాయంత ఉండలు చేసి, నేలకి ఆనే వైపు నొక్కి, పైన గుంట చెయ్యాలి. నడుమ పెట్టే పెద్దది కమలాకాయంత. లెక్క ఎప్పుడూ బేసి. పేడ పలచగా ఉంటే ఉండ పావుగంటకి కూలబడుతుంది, అప్పుడు గుప్పెడు ఊక గానీ తవుడు గానీ కలుపుతారు. బూడిద కలిపితే గట్టిపడుతుంది గానీ ఆరాక పగులుతుంది. పసుపు, కుంకుమ, పైన గుమ్మడి పువ్వు. గుమ్మడి పువ్వు కోయడానికీ పద్ధతుంది: వెనక పిందె లేని మగపువ్వునే కోయాలి, లేకపోతే ఒక కాయ పోయినట్టే. తెల్లారేలోపు కోయాలి, తొమ్మిదింటికల్లా వాడిపోతుంది. పాదు లేనివాళ్ళకి బంతి, చామంతి. జడల్లోకి మాత్రం డిసెంబరు పూలు. వాసన లేని ఆ ఊదా పూలని కనకాంబరాలూ మరువమూ కలిపి కట్టించుకునేవాళ్ళు. మూరల లెక్కన అమ్మే పూలమ్మిని పొడుగు చేతులున్నామెనే ఎంచుకోమని పిల్లలకి చెప్పి పంపేవాళ్ళు.

పొద్దెక్కాక గొబ్బెమ్మలని పిడకలు కొట్టేవాళ్ళు. ఏ గోడ మీద కొట్టాలన్నది తెలియకపోతే శ్రమంతా వృథా. ఈ నెలల్లో గాలీ వానా ఈశాన్యం నుంచి వస్తాయి, ఉత్తరపు గోడా తూర్పు గోడా ఎప్పుడూ నెమ్ముతూనే ఉంటాయి. పొద్దు దక్షిణంగా వాలి నడుస్తుంది కాబట్టి దక్షిణపు గోడకి రోజంతా ఎండ. పాత వీధుల్లో దక్షిణపు గోడ లేనివాళ్ళు పక్కింటివాళ్ళ గోడ అడిగి తీసుకునేవాళ్ళు, దానికి బదులుగా నాలుగు పిడకలు. గోడ పిడక నాలుగో రోజుకి అంచు లేస్తుంది, అప్పుడు తీసి తిరగేసి మిద్దె మీద పెట్టాలి. ముందే లాగితే నడుమ విరుగుతుంది, మరీ ఆలస్యమైతే సున్నం పెళ్ళతో సహా ఊడొస్తుంది.

భోగిదండ పిల్లల పని. రూపాయి బిళ్ళకి మూడింతల వెడల్పున పేడ బిళ్ళలు చేసి, పచ్చిగా ఉన్నప్పుడే బొటనవేలితో నడుమ చిల్లు పెట్టాలి. ఆరితే చిల్లు కుంచించుకుపోతుంది, చిటికెనవేలితో పెట్టినవాళ్ళు దండ గుచ్చేరోజు మేకుతో పొడుస్తూ కూర్చోవాల్సిందే. 21, 51, 108, ఓపికని బట్టి. పండగ పది రోజులుందనగా మొదలుపెట్టడం మామూలు లెక్క. ముసురు పట్టే సంవత్సరం పదిహేను రోజులైనా చాలేవి కావు. తెల్ల బూజు పట్టిన బిళ్ళ పొగ తప్ప మంట ఇవ్వదు. ఎండ లేని రోజుల్లో పొయ్యి మీది అటక మీద చాటలో పరిచి పెట్టేవాళ్ళు. గుచ్చడానికి జనపనార. ప్లాస్టిక్ దారం వాడితే మంటలో పడ్డాక ఆ కంపు వేరు.

ఈ నెలంతా వీధిలో వచ్చీపోయేవాళ్ళకి కొదవలేదు. హరిదాసు నెత్తి మీది అక్షయపాత్ర దించడు, తల వంచడు. బియ్యం పెట్టాలంటే ఆయన మోకాళ్ళ మీద కూర్చునేదాకా ఆగాలి, లేదా పిల్లాణ్ణి అరుగెక్కించాలి. గంగిరెద్దు వచ్చిందంటే ముగ్గుకి ముప్పే. అందుకే వీధి మొదట్లో సన్నాయి వినపడగానే ఎవరో ఒకరు ఎదురెళ్ళి, ‘ముగ్గు తొక్కించబాకయ్యా’ అని బతిమాలేవాళ్ళు.

పొద్దున టిఫినంటే కారం దోశ. దానికి చలికాలంలో వచ్చే చిక్కు పిండి పులవడంతోనే. మూడు పాళ్ళ బియ్యానికి ఒక పాలు మినప్పప్పు, చెంచాడు మెంతులు వేసి రుబ్బిన పిండి ఎండాకాలం ఎనిమిది గంటల్లో పొంగేస్తే ముసురులో పద్నాలుగు గంటలైనా పడుతుంది. పొయ్యి పక్కన పెట్టి, గోనెపట్టా కప్పేవాళ్ళు. ఎర్రకారానికి పదిహేను ఎండుమిరపకాయలు అరగంట నానబెట్టి, పది వెల్లుల్లి రెబ్బలు, చిన్న ఉల్లిపాయ, ఉప్పు వేసి రోట్లో నూరాలి, నీళ్ళు దాదాపు పొయ్యకుండా. దోశ మీద పచ్చి పోగానే, పూర్తిగా ఆరకముందే పలచగా పూసి, పైన పప్పులపొడి చల్లి, అంచుల వెంబడి నూనె. ముందే పూస్తే పిండిలో కలిసి అట్టు అంటుకుంటుంది. పెనం మరీ కాగి ఉంటే పిండి గరిటె వెంటే చుట్టుకొస్తుంది, నీళ్ళు చిలకరించి ఉల్లిపాయ సగంతో రుద్దితే దారికొస్తుంది.

అరిసెలకి మాత్రం ఈ తడి మేలే చేసేది. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి, గుడ్డ మీద వార్చి, చెమ్మ ఉండగానే దంచిన పిండి ఎండిపోకూడదు. ఎండిపోతే పాకంలో పడ్డాక రాయైపోతుంది. ముసురు రోజున ఆ భయం లేదు. చేటు వచ్చేది బెల్లంతో. చెమర్చిన బెల్లంలో నీళ్ళు ఎక్కువ, అలవాటు కొద్దీ ఇంకో గ్లాసు పోస్తే పాకం రావడానికి గంట. నీళ్ళల్లో వేసిన చుక్క మెత్తటి ఉండలా చేతికి రావాలి. అంతకు ముందే పిండి కలిపితే అరిసె నూనెలో విడిపోతుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. జంతికల్లాంటి మనుగుబూలు తర్వాత రోజు, నూనె అదే.

చేపల సంగతి కూడా చెప్పాలి, నెల్లూరు గదా. తుపాను గాలికి పడవలు సముద్రంలోకి పోవు. ఆ రోజుల్లో మైపాడు తీరం వైపు నుంచి గంపలు రావు, చెరువు చేపలే వీధుల్లోకి వస్తాయి. నిండిన చెరువుల్లో కొర్రమీను, బొమ్మిడాయిలు. ఊరంతా పేరు చెప్పుకునే మామిడికాయ వేసిన పులుసు నిజానికి ఎండాకాలపు వంట, మామిడి పిందె ముదిరాకే దానికి రుచి. సంక్రాంతికి చేసేది ఉత్త చింతపండు పులుసు, మట్టి దాకలో, ముందు రోజు రాత్రి కాచి పెట్టింది. ఏడాది పొడుగునా మామిడికాయ వేసి ‘నెల్లూరు చేపల పులుసు’ అని బోర్డు పెట్టే హోటళ్ళని నమ్మక్కర్లేదు.

అప్పట్లో మిద్దె ఎక్కితే పొద్దున్నే కొంగల వరసలు. నత్తగొట్టు కొంగలు నాట్లేసిన చేలల్లో నత్తలు ఏరుకోవడానికి దిగేవి. దక్షిణంగా నేలపట్టు చెరువులో గూడబాతులు (పెలికన్లు) నీటికడప చెట్ల మీద గూళ్ళు కట్టే కాలం ఇదే. ఆ పక్షులు వస్తే వానలు బాగా కురిసినట్టు, వాటి రెట్ట కలిసిన నీళ్ళు పొలానికి ఎరువని అక్కడి రైతుల మాట. ముసురు హద్దు దాటిన సంవత్సరాలూ ఉన్నాయి. 2021 నవంబరులో పెన్నాకి వచ్చిన వరదకి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. అట్లాంటి యేడు ధనుర్మాసానికి కూడా ఏటిగట్టు వైపు ఇళ్ళ గోడల్లో నెమ్ము దిగదు.

సంక్రాంతి మర్నాడు ఏటి పండగ. ఊళ్ళోని గుళ్ళ నుంచి దేవుళ్ళని పెన్నా ఇసుకలోకి తెచ్చి కొలువుంచుతారు. ఆడపిల్లలు గొబ్బెమ్మలని తెచ్చి నీళ్ళలో వదులుతారు, పెద్దలు ఇంటి నుంచి కట్టుకొచ్చిన పులిహోర, దద్ధోజనం ఇసుకలోనే విప్పుతారు. గొబ్బెమ్మని గిరాటు వెయ్యకూడదు. చీలమండ లోతు నీళ్ళలో నిలబడి, పువ్వు పైకి ఉండేలా వదిలితే కాసేపు తేలి కరుగుతుంది. లోతుకి పోవద్దనడానికి భక్తితో పనిలేదు: ఇసుక తవ్విన గుంటలు నీళ్ళ కింద కనపడవు, ఒక్క అడుగులో మోకాలి లోతు మెడ లోతవుతుంది. కట్ట మీది నుంచి చూసేవాళ్ళకి నీళ్ళు ఎక్కడ కదలకుండా నల్లగా ఉన్నాయో అక్కడ గుంట ఉన్నట్టు. పిల్లల చెయ్యి పట్టుకున్న పెద్దమ్మలు అటు చూసే దారి తీసేవాళ్ళు. ఆ పూట తెల్లారుజామున వీధిలో రథం ముగ్గు. రథానికి కట్టిన తాడు గీత పక్కింటి రథం దాకా, అక్కణ్ణించి ఆ పై ఇంటి దాకా, వీధి చివర దాటేదాకా లాగాలి. మధ్యలో ఊళ్ళో లేని ఇల్లుంటే వాళ్ళ వాకిలి కూడా ఎవరో ఒకరు ఊడ్చి గీత కలిపేవాళ్ళు.

ఏట్లో వదలకుండా దాచిన గొబ్బి పిడకలు రథసప్తమికి. అప్పటికి వానలు పోయి ఎండ ముదురుతుంది, అయినా తీసేముందు ఒకటి విరిచి చూడాలి. చప్పుడుతో విరిగితే ఆరినట్టు, వంగి పీచు సాగితే ఇంకో రెండు రోజులు ఎండకి. వాకిట్లో ఎండ పడే చోట మూడు ఇటుకలు, వాటి నడుమ పిడకలు నిలువుగా ఒకదానికొకటి ఆనించి. పడుకోబెట్టి పేరిస్తే గాలి ఆడక పొగే వస్తుంది. కర్పూరంతో అంటించి, పాలు పొంగాక గుప్పెడు బియ్యం, అవి ఉడికాకే బెల్లం. ముందే బెల్లం వేస్తే పాలు విరుగుతాయి, బియ్యం పలుకు పోదు. చిక్కుడుకాయలకి చీపురుపుల్లలు గుచ్చి రథం, చిక్కుడాకుల్లో పరమాన్నం. పాదు మీది ముదురాకులే కోసుకోవాలి, లేతాకు వేడికి వడిలి చిరుగుతుంది.